పారలల్ క్లాంప్ కొనాలా, ఎఫ్ క్లాంప్‌తో సరిపెట్టుకోవాలా? బల్ల ఒకసారి వంకరపోయాక తెలిసిన సంగతులు

డెస్క్ సెటప్ ఫొటోలు ఎక్కువగా చూసేవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. అల్ట్రావైడ్ మానిటర్, మెకానికల్ కీబోర్డ్, వెనకాల ఆర్‌జీబీ లైట్లు. వీటన్నిటి కంటే ముందు మన కన్ను పడేది మాత్రం కింద ఉన్న చెక్క బల్ల మీద. లామినేట్ కాదు, వెనీర్ కాదు, పలకలు పక్కపక్కన అతికించి చేసిన అసలైన చెక్క. నాకూ అలాంటిదే కావాలనిపించింది. స్టాండింగ్ డెస్క్ ఫ్రేమ్ ఆన్‌లైన్‌లో దొరికింది. చెక్క మాత్రం ఊరి నుంచి వచ్చింది. తాతయ్య కట్టించిన ఇల్లు పడగొట్టినప్పుడు రెండు టేకు తలుపులు అమ్మకుండా పక్కన పెట్టాం. వాటిని కోయించి, చిత్రిక పట్టిస్తే 1,500 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. మందంతో ఆరు పలకలు వచ్చాయి. ఆరే. ఏడోది లేదు, ఇక రాదు.

ఆ ఆరింటినీ జిగురు పూసి, ఆరు ఎఫ్ క్లాంప్‌లతో రాత్రంతా బిగించి ఉంచాను. తెల్లారి క్లాంప్‌లు తీసి ఫ్రేమ్ మీద పెడితే రెండు అంచులూ ఆనాయి, మధ్యలో పెన్సిల్ దాదాపు దూరిపోయింది. స్టీల్ స్కేలు పెట్టి కొలిస్తే 6 మి.మీ. ఉబ్బు. పైవైపు రెండు అతుకుల దగ్గర గోరు దిగేంత సందు.

మా వీధి చివర షెడ్డులో పనిచేసే ఆచారిగారిని పిలిచి చూపించాను. ఆయన బల్లని కాదు, మూలన పడేసిన క్లాంప్‌లని చూశారు. "అన్నీ కిందనుంచే బిగించావా బాబూ? ఒకే పక్క లాగితే చెక్క విల్లు అవ్వక ఏమవుద్ది?" అన్నారు.

ఆ ఒక్క మాట చుట్టూనే ఈ ఆర్టికల్ అంతా.

ఎఫ్ క్లాంప్ ఎందుకు వంచుతుంది?

ఎఫ్ క్లాంప్‌లో ఒక ఇనుప పట్టీ, దాని చివర కదలని దవడ, మధ్యలో జరిగే చెయ్యి, ఆ చేతికి మర. జరిగే చెయ్యి పట్టీ మీద దేనితో ఆగుతుందో తెలుసా? వంకరతో. మర తిప్పగానే ఆ చెయ్యి కాస్త పక్కకి ఒరిగి పట్టీని కరుచుకుంటుంది. దాని లాకింగ్ మెకానిజమే ఒరగడం. మనం అడిగేదేమో నిటారుగా నిలబడమని.

పైగా మర పట్టీకి దూరంగా ఉంటుంది. దవడ చివర మనం ఎంత నొక్కితే పట్టీ అంత వంగుతుంది. పట్టీ వంగితే దవడల చివర్లు బయటికి తెరుచుకుంటాయి. అప్పుడు ఒత్తిడి పలక మందం మధ్యలో కాకుండా పట్టీకి దగ్గరగా ఉన్న అంచు మీద పడుతుంది. పట్టీలన్నీ కిందే ఉంటే, పలకల కింది అంచులు బిగుసుకుంటాయి, పై అంచులు విడిపోతాయి, మధ్య భాగం పైకి లేస్తుంది. నా బల్లకి జరిగింది అచ్చంగా ఇదే.

పారలల్ క్లాంప్ ఈ సమస్య కోసమే పుట్టింది. దవడ సన్నటి చెయ్యిలా కాకుండా లోతైన, వెడల్పైన దిమ్మెలా ఉంటుంది. మర ఆ దిమ్మె లోపల, పట్టీని ఆనుకుని తిరుగుతుంది. పట్టీ కూడా మందం. కదలని దవడ పట్టీకి సరిగ్గా 90 డిగ్రీల్లో ఫిక్స్ అయి ఉంటుంది. జరిగే దవడని ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే కాస్త లోపలికి వాలినట్టు కనిపించవచ్చు. అది డిఫెక్ట్ కాదు, బిగించాక నిటారుగా రావాలని అలా వదులుతారు. మొదటిసారి చూసి నేనూ రిటర్న్ పెట్టబోయాను.

ఇంకో లాభం కొన్నాక గానీ అర్థం కాదు. ఈ క్లాంప్‌లు పట్టీ కిందకి వచ్చేలా నేల మీద వాటంతట అవే నిలబడతాయి. నాలుగింటిని వరసగా పేర్చి, వాటి పట్టీల మీదే పలకలు పరిచేయొచ్చు. చేతినిండా జిగురు, గడియారం పరిగెడుతూ ఉంటే, మీరు బిగించేదాకా పడిపోకుండా నిలబడే క్లాంప్ విలువ అప్పుడు తెలుస్తుంది.

స్పెక్ షీట్‌లో పెద్ద నంబర్

ఫోన్ పీక్ బ్రైట్‌నెస్ ఎలాగో క్లాంప్‌కి మాగ్జిమమ్ క్లాంపింగ్ ఫోర్స్ అలాగ. నంబర్ నిజమే, కానీ ఏ పరిస్థితిలో అన్నది అసలు ప్రశ్న.

ఈ కేటగిరీలో అందరూ కొలబద్దగా పెట్టుకునేది జర్మనీకి చెందిన బెస్సీ కంపెనీ కే బాడీ రెవో. బెస్సీ 1889లో స్టుట్‌గార్ట్‌లో స్టీల్ కంపెనీగా మొదలైంది, క్లాంప్‌ల తయారీ 1936 నుంచి. కే బాడీ రెవో ఫోర్స్ 8,000 న్యూటన్లు. సుమారు 800 కేజీల బరువు పెట్టినట్టు. దవడ లోతు 95 మి.మీ. ఇదే కంపెనీ యూనిక్లాంప్ అని తేలికపాటి మోడల్ కూడా అమ్ముతుంది. చూడ్డానికి తమ్ముడిలా ఉంటుంది, దవడలు సమాంతరంగానే ఉంటాయి, లోతు 80 మి.మీ. ఫోర్స్ మాత్రం 1,500 న్యూటన్లే. లిస్టింగ్‌లో ఫొటో చూసి రెండూ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది.

మరి మనకి ఎంత కావాలి? లెక్క కష్టమేం కాదు. మెత్తటి చెక్కకి చదరపు అంగుళానికి 100 నుంచి 150 పౌండ్లు, మధ్యరకానికి 125 నుంచి 175, గట్టి చెక్కకి 175 నుంచి 250 అని జిగురు తయారీదారులు చెబుతారు. టేకుని మధ్యరకంలో వేసుకుందాం. మన కొలతల్లోకి మారిస్తే చదరపు మిల్లీమీటరుకి దాదాపు 1 న్యూటన్. నా పలక అంచు 1,500 మి.మీ. పొడవు, 25 మి.మీ. మందం. అంటే 37,500 చదరపు మిల్లీమీటర్లు, అంటే 37,500 న్యూటన్లు. 8,000 న్యూటన్ల క్లాంప్‌లు 5 చాలు. 1,500 న్యూటన్లవైతే 25 కావాలి!

ఈ లెక్క చూసి భయపడక్కర్లేదు. అంచులు అద్దంలా చిత్రిక పట్టి ఉంటే ఇంతకంటే తక్కువ ఒత్తిడితో కూడా అతుకు గట్టిగానే వస్తుంది. చెక్క అంచు నిటారుగా లేకపోతే 80,000 న్యూటన్లు పెట్టినా రాదు. అలాగే చేత్తో తిప్పినప్పుడు, అదీ జిగురంటిన చేత్తో, బాక్స్ మీద రాసిన పూర్తి ఫోర్స్ వస్తుందని ఆశించకండి. కే బాడీ రెవో హ్యాండిల్ చివర అలెన్ కీ పెట్టుకునే గుంట ఇచ్చింది అందుకే. చిన్న ఫీచరే, కానీ మణికట్టు పట్టేసిన రోజు దాని విలువ తెలుస్తుంది.

కాబట్టి నా దృష్టిలో ఫోర్స్ రెండో విషయం. ఆ ఫోర్స్ పడుతున్నప్పుడు దవడ నిటారుగా ఉంటుందా లేదా అన్నది మొదటిది. ఇది ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. మనమే టెస్ట్ చేసుకోవాలి.

పేరుతో వచ్చే తంటా

టెస్టుల కంటే ముందు ఒక హెచ్చరిక. మన ఆన్‌లైన్ స్టోర్లలో "పారలల్ క్లాంప్" అని సెర్చ్ చేస్తే మూడు రకాల వస్తువులు ఒకే పేజీలో కలిసిపోయి వస్తాయి.

మొదటిది టూల్‌మేకర్స్ క్లాంప్. అరచేతిలో పట్టేంత స్టీల్ వస్తువు, రెండు దవడలు, రెండు మరలు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివినవాళ్లకి బాగా తెలుసు. మెషిన్ పనిలో చిన్న ఇనుప ముక్కలు పట్టుకోవడానికి దాన్ని వాడతారు, దాన్నీ పారలల్ క్లాంప్ అనే అంటారు. నాకు మొదట వచ్చిన పార్సిల్‌లో ఇదే ఉంది. ఫొటోలో పక్కన స్కేలు లేదు, సైజు నేను చదవలేదు. తప్పు సగం నాదే. రెండోది మామూలు ఎఫ్ క్లాంప్‌కే "హెవీ డ్యూటీ పారలల్" అని పేరు తగిలించి అమ్మేది. మూడోది మనకి కావలసింది. గుర్తుపట్టడం తేలిక. మర బయటికి కనిపిస్తూ చివర గుండ్రటి బిళ్ల ఉంటే అది ఎఫ్ క్లాంప్. నొక్కే ముఖం పొడవైన చదునైన దిమ్మెలా ఉండి, మర దాని వెనక దాక్కుని ఉంటే అది పారలల్ క్లాంప్.

ఇంట్లోనే చేసే టెస్టులు

నేను చివరికి రెండు కే బాడీ రెవోలు, పేరు చెప్పక్కర్లేని చవక బ్రాండ్‌వి రెండు తెప్పించాను. నాలుగింటికీ ఒకే టెస్ట్ పెట్టాను, అదీ న్యూస్‌పేపర్‌తో.

పేపర్‌ని వేలెడు వెడల్పు పట్టీలుగా చింపండి. చదునైన గట్టి చెక్క ముక్క ఒకటి దవడల మధ్య పెట్టి, జరిగే దవడకీ చెక్కకీ మధ్య రెండు పేపర్ పట్టీలు పెట్టండి. ఒకటి దవడ పైకొన దగ్గర, ఇంకోటి పట్టీ దగ్గర. మామూలుగా పనిచేసేటప్పుడు ఎంత బిగిస్తారో అంత బిగించి, రెండు పేపర్లనీ లాగండి. రెండూ చిరిగిపోతే దవడ సమాంతరంగా ఉన్నట్టు. పైది జారి బయటికి వస్తే పైకొన తెరుచుకుంటోంది. కిందది జారితే అతిగా లోపలికి వాలుతోంది. తర్వాత అటువైపు, కదలని దవడకి కూడా ఇదే చేయండి. రెండు రూపాయల ఖర్చు లేని ఈ టెస్ట్ ముందు ఏ అన్‌బాక్సింగ్ వీడియో పనికిరాదు.

రెవోలు రెండూ పాసయ్యాయి. చవక జతలో ఒకటి పాసయింది! రెండోదాంట్లో పైపేపరు వెన్నలా జారి వచ్చేసింది. ఒకే బాక్స్, ఒకే బ్రాండ్. చవక క్లాంప్‌లు పనికిరావని నేను చెప్పడం లేదు. వాటిలో పీసు పీసుకీ తేడా ఉంటుందని చెబుతున్నాను. ఫెయిలైన దాన్ని వెనక్కి పంపించాను, మార్చి ఇచ్చినది బాగానే ఉంది.

మిగతా టెస్టులు త్వరగా అయిపోతాయి. కదలని దవడ దగ్గర మూలమట్టం ఆనించి వెనకనుంచి ఫోన్ టార్చ్ వేయండి, వెలుగు సమానంగా కనిపించాలి. క్లాంప్‌ని నిలువుగా పట్టుకోండి, జరిగే దవడ తనంతట తాను జారి పడిపోతే పని మధ్యలో వేళ్ల మీద పడుతుంది. జెట్ కంపెనీ మోడల్స్‌లో దవడ జరపడానికి ట్రిగర్ ఉంటుంది, అది కొందరికి చాలా నచ్చుతుంది. నాకు అంత అవసరం అనిపించలేదు. ఇక దవడల మీద ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూడండి. ఎండిన జిగురు దాని మీదనుంచి పెచ్చులా ఊడి వచ్చేస్తుంది, ఇనుము మీద అయితే గీకి గీకి చావాలి.

రాణీగంజ్ పైపు

పారలల్ క్లాంప్ ధర గురించి నిజం మాట్లాడుకుందాం. అమెరికాలోనే 24 అంగుళాల కే బాడీ రెవో ఒక్కటి 50 డాలర్లు దాటుతుంది. ఇక్కడ దాని మీద షిప్పింగ్, ట్యాక్సులు. ఒక్కదాని డబ్బుతో ఓ మాదిరి ఎఫ్ క్లాంప్‌లు మూడో నాలుగో వస్తాయి. నా లాంటి ఒక్క బల్ల కోసం ఎనిమిది కొనడం గేమింగ్ ఆడనివాడు టాప్ ఎండ్ గ్రాఫిక్స్ కార్డ్ కొన్నట్టే.

అందుకే పైప్ క్లాంప్. దీనిలో కొనేది రెండు దవడలే, పట్టీ బదులు మామూలు జీఐ పైపు వాడతాం. ముప్పావు అంగుళం సైజు తీసుకోండి, అరంగుళం పైపు త్వరగా వంగుతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పైపు కొంటే కావలసిన పొడవుకి కోసి, చివర మర కూడా వేసిస్తారు. నాలుగు అడుగులు కావాలా, ఎనిమిది కావాలా, మీ ఇష్టం. ఏ పారలల్ క్లాంప్‌కీ లేని సౌకర్యం ఇది.

ఇక్కడ గీక్స్ కోసం ఒక డీటెయిల్. అమెరికా మార్కెట్ కోసం చేసిన దవడల్లో మర ఎన్‌పీటీ స్టాండర్డ్. మన జీఐ పైపుల మర బీఎస్‌పీ. మరి ఎక్కుతుందా? అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండు స్టాండర్డ్‌లకీ అంగుళానికి 14 చుట్లే. చుట్టు కోణం మాత్రం 60 డిగ్రీలకి బదులు 55. నీళ్ల లైన్‌కైతే ఇలా కలిపితే లీకవుతుంది. మనం నీళ్లు పోయడం లేదు కదా, బిగుసుకుంటే చాలు. నావి ఎక్కాయి. ఒక అంగుళం సైజులో మాత్రం ఒకటి పదకొండున్నర చుట్లు, ఇంకోటి 11, అక్కడ ఈ ప్రయోగం వద్దు.

పైప్ క్లాంప్‌కీ పైన చెప్పిన వంకర జబ్బు ఉంది. మందు ఆచారిగారు చెప్పిందే. ఒకటి కిందనుంచి, దాని పక్కది పైనుంచి. పైవి ఒకవైపు వంచాలని చూస్తే కిందవి రెండోవైపు లాగుతాయి, లెక్క సరిపోతుంది. పైపు బల్లని తాకేచోట బ్రౌన్ టేపో ప్లాస్టిక్ కాగితమో వేయండి. తడి జిగురు, ఇనుము, చెక్కలోని టానిన్ కలిస్తే నల్లటి మచ్చ పడుతుంది, అది లోపలికి దిగుతుంది.

ఆచారిగారి దగ్గర అయితే ఇవేవీ లేవు. మందపాటి చెక్క మీద రెండువైపులా దబ్బలు మేకులతో కొట్టి, మధ్యలో పలకలు పరిచి, ఏటవాలుగా కోసిన చెక్క ముక్కలు ఎదురెదురుగా దిగ్గొడతారు. పలకలు పైకి లేవకుండా మీద ఇంకో దబ్బ. ఖర్చు సున్నా. ఎంత కొట్టాలో ఆయన చేతికి తెలుసు. నా చేతికి తెలియదు, అందుకే నేను షాపింగ్ చేస్తున్నాను.

రెండో ప్రయత్నం

వంకర బల్లని అతుకుల వెంట మళ్లీ కోయించాను. రంపం మందం 3 మి.మీ., రెండువైపులా చిత్రిక పట్టడానికి చెరో 1 మి.మీ. ఐదు అతుకులకి 25 మి.మీ. పోయింది. తాతయ్య తలుపులో అంత పొడిగా కింద రాలింది. 600 కాస్తా 575 అయ్యింది.

ఈసారి ఒకేసారి ఆరూ అతికించలేదు. మూడు పలకలు ఒక రోజు, మూడు ఇంకో రోజు, మూడో రోజు మధ్య అతుకు ఒక్కటి. ఇలా చేస్తే ప్రతిసారీ జిగురు పూయాల్సిన గీతలు తక్కువ, కంగారు తక్కువ. ఎండాకాలం హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద ఫెవికాల్ ఐదారు నిమిషాల్లోనే పొర కట్టేస్తోంది, ఐదు గీతలు ఒకేసారి ఎలా పూస్తాం? టేకులో నూనె ఉంటుంది కాబట్టి పూసే ముందు అంచులు అసిటోన్‌తో తుడిచాను.

కింద నాలుగు పారలల్ క్లాంప్‌లు, పైన మూడు పైప్ క్లాంప్‌లు. ఏడు ఎందుకంటే, ఒత్తిడి క్లాంప్ దగ్గర మొదలై రెండువైపులా సుమారు 45 డిగ్రీల్లో విస్తరిస్తూ లోపలికి వెళ్తుంది. 100 మి.మీ. పలక దాటి మొదటి జిగురు గీత దగ్గరికి చేరేసరికి ఒక క్లాంప్ 200 మి.మీ. పైచిలుకు కవర్ చేస్తుంది. 1,500 మి.మీ.కి ఆరేడు కావాలి. బయటి అంచుల వెంట పనికిరాని చెక్క దబ్బ ఒకటి పెడితే ఒత్తిడి ఇంకాస్త పరుచుకుంటుంది, అంచు మీద నొక్కు కూడా పడదు.

పారలల్ క్లాంప్‌లు పెట్టాం కదా అని పైవి మానేయలేదు. పూర్తి బలం పెడితే అవి కూడా కొద్దిగా వంగుతాయి. ముందు అన్నీ మెల్లగా ఆనించి, స్కేలు పెట్టి చూసి, కిందవీ పైవీ వంతులవారీగా బిగించాను. తెల్లారి మళ్లీ స్కేలు పెడితే 1 మి.మీ. కూడా లేదు. ఆచారిగారు అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇప్పుడు బల్ల" అని వెళ్లిపోయారు.

మీరు ఏం కొనాలి?

మీరు చేసేది ప్లైవుడ్ పెట్టెలు, షెల్ఫులు అయితే పారలల్ క్లాంప్ జోలికి వెళ్లొద్దు. స్క్రూలే క్లాంప్‌లు. జిగురు ఆరేదాకా అవే పట్టుకుంటాయి, నాలుగు ఎఫ్ క్లాంప్‌లు సాయం ఉంటే చాలు. డ్రాయర్లు, చెక్క ఫ్రేములు, స్పీకర్ క్యాబినెట్లు లాంటివి, అంటే మూల కచ్చితంగా 90 డిగ్రీలు ఉండాల్సినవి చేస్తుంటే ఒక జతతో మొదలుపెట్టండి. ఎప్పుడూ జతలుగానే. ఒక్క క్లాంప్‌తో పెట్టె బిగిస్తే పెట్టే ఒరుగుతుంది. డెస్క్ టాప్ చేయాలంటే నా కాంబినేషనే చెబుతాను: నాలుగు పారలల్, మూడు పైప్. డబ్బు బిగుతుగా ఉంటే రెండు పారలల్, ఐదు పైప్.

సైజు దగ్గర ఒక పొరపాటు చాలామంది చేస్తారు. బల్ల వెడల్పు 600 మి.మీ. కాబట్టి 24 అంగుళాల క్లాంప్ సరిపోతుంది అనుకుంటారు. అది తెరుచుకునేది 610 దాకానే. రెండువైపులా 20 మి.మీ. దబ్బలు పెడితే 640 అయిపోయింది. 31 లేదా 40 అంగుళాలది తీసుకోండి. మరీ 50కి వెళ్తే బరువు పెరుగుతుంది, చిన్న పనికి తీయబుద్ధి కాదు, మూల నిలబడి దుమ్ము పట్టుకుంటుంది.

రిటర్న్ గడువు వారం రోజులే ఉంటే, చెక్క వచ్చేదాకా బాక్స్ తెరవకుండా ఆగొద్దు. పార్సిల్ వచ్చిన సాయంత్రమే పేపర్ టెస్ట్ చేసేయండి, బిల్లు మాత్రం పారేయొద్దు.